ఫిల్టర్‌కు అతి శుభ్రమే అసలు ఖర్చు

చిన్న చేపల తొట్టెలకు అమ్మే ఫిల్టర్లలో చాలావాటి డబ్బా మీద ఒక సూచన ఉంటుంది: లోపలి కార్ట్రిడ్జ్‌ను మూడు నాలుగు వారాలకోసారి తీసేసి కొత్తది పెట్టండి అని. కొన్నవాళ్లు అది నమ్మి అలాగే చేస్తారు. ఫిల్టర్‌ను ఒకసారి కొంటే చాలు, కార్ట్రిడ్జ్‌ను మాత్రం చేపలున్నన్నాళ్లూ కొంటూనే ఉండాలి. ఆ డబ్బు ఒక ఎత్తు. దానికంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఆ సూచనను తు.చ. తప్పకుండా పాటిస్తే చేపలు జబ్బు పడతాయి. జబ్బుకు మందులు, సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా, చివరికి చచ్చిన చేపల బదులు కొత్త చేపలు, ఇలా ఖర్చు ఒకదాని వెంట ఒకటి వస్తుంది. ఇంటి అక్వేరియం మీద మనం పెట్టే డబ్బులో చాలా భాగం పారేయకూడనిదాన్ని పారేయడం వల్ల, కడగకూడని తీరులో కడగడం వల్ల పోతున్నదేనని నా అభిప్రాయం. అందుకే పొదుపు గురించి చెప్పేముందు ఫిల్టర్ అసలు ఏం చేస్తుందో చెప్పుకోవాలి.

ఫిల్టర్ మురికిని పట్టి ఆపుతుందని అందరికీ తెలుసు. నీళ్లు తేటగా కనిపిస్తే అది బాగా పనిచేస్తున్నట్టే అనుకుంటాం. కానీ చేపను చంపేది కంటికి కనిపించే మురికి కాదు. చేప ఒంట్లో పుట్టే వ్యర్థ నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలోకి వెళ్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియానే. దానికి రంగు లేదు. అద్దంలా మెరిసే నీళ్లలో కూడా చేపకు ప్రాణాంతకమైనంత అమ్మోనియా ఉండవచ్చు. భీమవరం, కైకలూరు వైపు చెరువుల్లో చేపలు, రొయ్యలు పెంచే రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మోనియా పెరిగిందంటే వాళ్లకు కంటి మీద కునుకు ఉండదు. ఎకరాల చెరువులో జరిగే రసాయన చర్యే మన హాల్లో ఉన్న రెండడుగుల తొట్టెలోనూ జరుగుతుంది. పైగా తొట్టెలో నీళ్లు తక్కువ కాబట్టి ఇంకా త్వరగా జరుగుతుంది.

ఈ అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఉన్నాయి. ఒక రకం దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, అది రక్తం ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది. ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిపాటి మోతాదులో చేపలకు పెద్దగా హాని చేయదు, మొక్కలకైతే ఎరువు. ఈ సూక్ష్మజీవుల్ని 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ జ్యూరిచ్‌లో వేరుచేసి చూపించారు. అక్వేరియంలలో నైట్రైట్‌ను తినేది నైట్రోబ్యాక్టర్ అని చాలాకాలం అనుకున్నారు. మంచినీటి తొట్టెల్లో ఆ పని ముఖ్యంగా చేసేది నైట్రోస్పైరా అని 1998లో తిమోతీ హోవనెక్ బృందం తేల్చింది. 2015లో మరో ఆశ్చర్యం బయటపడింది. నైట్రోస్పైరాలోనే కొన్ని రకాలు అమ్మోనియాను నైట్రేట్ దాకా మొత్తంగా తామే మార్చేయగలవు. దాన్ని కనిపెట్టిన రెండు బృందాల్లో ఒకటి వాటిని పెంచింది చేపల పెంపకపు ఫిల్టర్‌లోంచి తీసిన నమూనాతోనే.

మనకు అవసరమైన విషయం ఏమిటంటే, ఈ బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం నీళ్లలో తేలుతూ ఉండదు. ఏదో ఒక ఉపరితలాన్ని పట్టుకుని జిగురు పొరలా బతుకుతుంది. స్పాంజ్ రంధ్రాల్లో, సిరామిక్ రింగుల మీద, గులకరాళ్ల మీద. గోధుమరంగులో, కొంచెం జిగటగా, చూడటానికి అసహ్యంగా ఉండే ఆ పొరే ఫిల్టర్‌లో అన్నిటికంటే విలువైనది. కార్ట్రిడ్జ్‌ను తీసి పారేసినప్పుడు చెత్తబుట్టలో పడేది అదే. స్పాంజ్‌ను కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండినప్పుడు కాలువలో పోయేదీ అదే. ఇవి నిమిషాల్లో రెట్టింపయ్యే బ్యాక్టీరియా కావు, చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కొత్త తొట్టెలో అవి సరిపడా స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ఇప్పుడు మన ఇళ్లలో ఆదివారం జరిగే పని చూడండి. చేపల్ని బకెట్‌లోకి తీస్తారు. నీళ్లన్నీ పారబోస్తారు. రాళ్లు, బొమ్మలు, ఫిల్టర్ అన్నీ సబ్బు పెట్టి రుద్దుతారు. కుళాయి నీళ్లు నింపి చేపల్ని వదులుతారు. తొట్టె తళతళలాడుతుంది. రెండు మూడు రోజులకు చేపలు పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటాయి, రెక్కలు ముడుచుకుంటాయి, ఒకటి రెండు చచ్చిపోతాయి. ‘నీళ్లు పడలేదు’ అంటారు. దుకాణానికి వెళ్తే ఏదో నీలి మందో పచ్చ మందో ఇస్తారు. ఆ మందుల్లో కొన్ని మిగిలిన బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తాయి. అంత శ్రద్ధగా, ప్రేమగా చేసిన పనికి ఇలాంటి ఫలితం రావడం చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పిల్లలైతే తామే చేపల్ని చంపేశామనుకుంటారు.

సరైన పద్ధతిలో శ్రమ తక్కువ, ఖర్చు దాదాపు లేదు. వారానికోసారి తొట్టెలోంచి పాతిక శాతం నీళ్లు పైపుతో బకెట్‌లోకి లాగండి. స్పాంజ్ కడగాల్సి వస్తే ఆ బకెట్‌లోని తొట్టె నీళ్లలోనే రెండు మూడుసార్లు మెత్తగా పిండి తిరిగి పెట్టండి. తెల్లబడక్కర్లేదు. నీళ్లు ధారాళంగా పోతే చాలు. ఎప్పుడు కడగాలన్నది క్యాలెండర్ చూసి కాదు, ఫిల్టర్ నుంచి వచ్చే ధారను చూసి నిర్ణయించండి. ధార సన్నబడితే కడగాలి. సిరామిక్ రింగులైతే నెలల తరబడి ముట్టుకోనవసరం లేదు. లోపల బురద పేరుకుంటే ఒకసారి తొట్టె నీళ్లలో జాడించి పెట్టేయవచ్చు. అవి ‘అయిపోవడం’ అంటూ ఉండదు, విరిగి పొడి అయ్యేదాకా వాడుకోవచ్చు. మిగిలిన బకెట్ నీళ్లను మల్లెచెట్టుకో కరివేపాకుకో పోయండి, మందు గానీ ఉప్పు గానీ వేసి ఉంటే తప్ప.

కుళాయి నీళ్లతో ఎందుకు కడగకూడదంటే అందులో క్లోరిన్ ఉంటుంది. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ట్యాంకుకు దగ్గరున్న ఇళ్లకు అంతకంటే ఎక్కువే రావచ్చు. సూక్ష్మజీవుల్ని చంపడమే దాని పని. మనకు కావాల్సిన బ్యాక్టీరియానూ అది వదలదు. తొట్టెలో కొత్తగా పోసే నీళ్లకూ ఇదే జాగ్రత్త కావాలి. వెడల్పు బకెట్‌లో పట్టి ఒక రోజంతా ఉంచితే క్లోరిన్ గాలిలో కలిసిపోతుంది, ఎయిర్ పంప్ రాయి వేస్తే ఇంకా త్వరగా పోతుంది. తొందరగా కావాలంటే దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో దొరికే సోడియం థయోసల్ఫేట్ వాడుకోవచ్చు. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 100 లీటర్ల నీళ్లకు దాని స్ఫటికాలు గ్రాముకన్నా తక్కువే చాలు. చిన్న సీసాల్లో కరిగించి రంగు కలిపి అమ్మే దానికంటే స్ఫటికాలుగా కొనుక్కోవడం చవక. బోరు నీళ్లయితే క్లోరిన్ బెడద లేదు, కానీ కొందరు ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలిపించుకుంటారు కాబట్టి అపార్ట్‌మెంట్‌లో ఒకసారి కనుక్కుంటే మంచిది.

నీళ్ల విషయంలో మరో అనవసర ఖర్చు కనిపిస్తుంది. చేపలకు మంచిదని ఆర్‌ఓ క్యాన్ నీళ్లు కొని తొట్టె నింపుతారు. అమ్మోనియాను మార్చే క్రమంలో బ్యాక్టీరియా నీళ్లలోని బైకార్బొనేట్ లవణాల్ని ఖర్చు చేస్తుంది. ఆర్‌ఓ నీళ్లలో అవి నామమాత్రం. కొన్నాళ్లకు నీళ్లు ఆమ్లంగా మారి, బ్యాక్టీరియా మందగిస్తుంది. కాస్త కఠినంగా ఉండే బోరు నీళ్లు గప్పీలు, మోలీలు, ప్లాటీలకు బాగా సరిపడతాయి. అయితే బోరు నీళ్లకూ ఒక ఇబ్బంది ఉంది. వాటి పీహెచ్ తరచుగా ఎక్కువగా ఉంటుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది అర శాతం చిల్లర, పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అంటే పీహెచ్ తక్కువ ఉండే నీళ్లు వాడే ఇంట్లో అంతగా హాని చేయని పొరపాటు బోరు నీళ్లున్న ఇంట్లో చేపల్ని చంపవచ్చు. బోరు నీళ్లవాళ్లు ఫిల్టర్‌ను ఇంకా జాగ్రత్తగా కాపాడుకోవాలి.

ఇక కార్ట్రిడ్జ్ బదులు ఏం వాడాలి? చాలా ఫిల్టర్లలో ఆ కార్ట్రిడ్జ్ లోపల కాస్త పాలిస్టర్ దూది, కాస్త యాక్టివేటెడ్ కార్బన్ తప్ప ఏమీ ఉండవు. ఆ చోట్లో సరిగ్గా పట్టేలా ముతక స్పాంజ్ ముక్క కోసి పెడితే ఏళ్ల తరబడి ఉంటుంది. అక్వేరియం దుకాణంలో పెద్ద పలక కొని మనమే కోసుకుంటే ఒక్కో ముక్క చాలా తక్కువకు పడుతుంది. పరుపుల్లో వాడే ఫోమ్‌కు రసాయనాలు పట్టించి ఉండవచ్చు, దాని జోలికి పోకండి. నీళ్లు మరింత తేటగా కావాలంటే స్పాంజ్ తర్వాత పలచగా తెల్ల దూది పెట్టండి. దిండ్లలో నింపే పాలిస్టర్ దూది, సువాసన గానీ మరే పూత గానీ లేనిదైతే, ఈ పనికి సరిపోతుంది. బూరుగు దూది, పత్తి మాత్రం వద్దు. అవి నీళ్లలో కుళ్లిపోతాయి. ఫిల్టర్‌లో తరచూ పారేయాల్సింది ఏదైనా ఉందంటే అది ఈ తెల్ల దూది ఒక్కటే.

బ్యాక్టీరియా నివాసానికి ఖరీదైన రింగులే ఉండాలని లేదు. గరుకుగా, రంధ్రాలతో, నీళ్లలో కరగనిది ఏదైనా పనికొస్తుంది. లావా రాయి ముక్కలు, రంగు వేయని మట్టికుండ పెంకులు, పాత ఇంటి పెంకు ముక్కలు, సబ్బు పూయని ప్లాస్టిక్ పీచు. బాగా కడిగి, మట్టి ముక్కల్ని ఒక రోజు నానబెట్టి వేయండి. సిమెంటు అంటిన ముక్కలు మాత్రం పీహెచ్‌ను పెంచుతాయి కాబట్టి వాటిని ఏరేయాలి. ఏది వేసినా ముందు స్పాంజ్, తర్వాత ఇవి వచ్చేలా నీళ్ల దారిని చూసుకోవాలి. లేకపోతే రంధ్రాలన్నీ బురదతో పూడిపోయి ప్రయోజనం ఉండదు.

కార్బన్ గురించి ఒక్క మాట. నీళ్లలోని రంగును, వాసనను, వేసిన మందును లాగేయడానికి అది బాగా ఉపయోగపడుతుంది. కొన్ని వారాల్లో దాని శక్తి అయిపోతుంది. పొయ్యి మీద వేడి చేస్తే మళ్లీ కొత్తదవుతుందనే మాట నిజం కాదు, ఆ వేడి ఇంట్లో రాదు. జబ్బుకు మందు వేసి, కోర్సు ముగిశాక ఆ మందు తీసేయాల్సినప్పుడు కొనుక్కుంటే చాలు. రోజువారీ తొట్టెకు అది అక్కర్లేదు. ఇక బ్యాక్టీరియా చివరికి మిగిల్చే నైట్రేట్ సంగతంటారా, మొక్కలు పెంచితే దాన్ని అవే వాడుకుంటాయి. ఇంట్లో ఉన్న మనీ ప్లాంట్ కొమ్మను తొట్టె అంచున, వేళ్లు మాత్రం నీళ్లలో మునిగేలా పెట్టినా ఆ పని జరుగుతుంది.

కొత్త తొట్టె పెట్టేవాళ్లు సీసాలో బ్యాక్టీరియా కొనేముందు, చేపలు ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టె ఎవరింట్లో ఉందో వెతకండి. వాళ్ల స్పాంజ్‌లోంచి ఒక ముక్క కోసి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టినా, వాళ్లు స్పాంజ్ పిండిన నీళ్లు ఒక గ్లాసెడు తెచ్చి మీ ఫిల్టర్ మీద పోసినా సరిపోతుంది. పాలలో పెరుగు తోడు వేసినట్టే. ముక్క ఎండిపోకుండా, తొట్టె నీళ్లలోనే తేవాలి. ఆ తొట్టెలో జబ్బు ఉంటే అదీ వెంట వస్తుందని మరిచిపోకండి. పాత ఫిల్టర్ పాడై కొత్తది కొన్నప్పుడు కూడా పాత స్పాంజ్‌ను పారేయకుండా కొత్త ఫిల్టర్‌లో ఇరికించండి. కొత్తది తన సొంత బ్యాక్టీరియాను పెంచుకునేదాకా అది కాపాడుతుంది.

మోటార్ల విషయానికొస్తే, ‘పాడైపోయింది’ అని పక్కన పడేసే వాటిలో చాలా వాటికి నిజంగా జబ్బు ఉండదు. నీళ్లలో మునిగే ఈ మోటార్లలో వైండింగ్‌ను గట్టిగా సీలు చేసేస్తారు. తిరిగే భాగం ఒక్కటే, అయస్కాంతానికి అతికించిన చిన్న రెక్కల చక్రం, ఇంపెల్లర్. దాని చుట్టూ వెంట్రుకో, నాచో, జిగురో చుట్టుకుంటే మోటార్ గుర్‌మంటుంది, ధార తగ్గుతుంది, చివరికి ఆగిపోతుంది. ప్లగ్ తీసి, మూత విప్పి, ఇంపెల్లర్‌ను బయటికి లాగి, పాత టూత్‌బ్రష్‌తో దాన్నీ అది కూర్చునే గుంతనూ రుద్దితే ఎక్కువసార్లు మళ్లీ తిరుగుతుంది. బోరు నీళ్లవల్ల తెల్లటి సున్నం పేరుకుంటే ఆ భాగాన్ని కాసేపు వెనిగర్‌లో నానబెట్టి, బాగా కడిగి బిగించండి. అప్పటికీ తిరగకపోతే ఇంపెల్లర్ ఒక్కటే విడిగా దొరుకుతుందేమో అడగండి. కొనే ముందే ఈ ప్రశ్న అడిగి, విడిభాగాలు దొరికే మోడల్‌నే కొనేవాళ్లు తెలివైనవాళ్లు.

ఈ మోటార్‌ను చల్లబరిచేదీ, దానికి నూనెలా పనిచేసేదీ నీళ్లే. వేసవిలో ఫ్యాన్ కింద ఉన్న తొట్టెలో నీళ్లు ఆవిరై మట్టం దిగిపోతుంది. మోటార్ పొడిగా తిరిగి కాలిపోతుంది. రెండు రోజులకోసారి ఒక చెంబెడు నీళ్లు పోస్తే ఆ నష్టం తప్పుతుంది. ఎయిర్ పంప్‌కైతే లోపలి రబ్బరు పొర చిరగడం మామూలు జబ్బు. చాలా మోడళ్లకు ఆ రబ్బరు విడిగా మార్చుకోవచ్చు. గాలి రాయి మూసుకుపోతే పంప్ మీద ఒత్తిడి పెరిగి పొర త్వరగా చిరుగుతుంది, కాబట్టి బుడగలు తగ్గగానే రాయిని మార్చండి. కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపు గుండా వెనక్కి పంప్‌లోకి రాకుండా పంప్‌ను తొట్టె మట్టం కంటే పైన పెట్టండి, లేదా చిన్న వాల్వ్ బిగించండి. వైరు ప్లగ్ దగ్గరికి వచ్చేముందు ఒక మెలిక కిందికి వేలాడాలి, అప్పుడు వైరు వెంట జారే నీళ్లు ప్లగ్‌లోకి పోవు. చెయ్యి నీళ్లలో పెట్టేముందు ప్లగ్ తీయడం ఎప్పుడూ మరవకండి.

కరెంటు బిల్లు కోసం రాత్రిళ్లు ఫిల్టర్ ఆపేసే ఇళ్లు చాలా ఉన్నాయి. లెక్క చూద్దాం. 5 వాట్ల మోటార్‌ను రోజుకు 8 గంటలు ఆపితే నెలకు మిగిలేది 1.2 యూనిట్లు. యూనిట్‌కు 6 రూపాయలు అనుకున్నా 7 రూపాయలు. దానికి ప్రతిఫలంగా స్పాంజ్‌లోని బ్యాక్టీరియా రాత్రంతా ఆక్సిజన్ లేక నీరసిస్తుంది. మూసిన డబ్బాలాంటి క్యానిస్టర్ ఫిల్టర్ గంటల తరబడి ఆగితే లోపల దుర్వాసన పుట్టి, తిరిగి వేసినప్పుడు ఆ మురుగంతా చేపల మీదికి వస్తుంది. కరెంటు ఎక్కువసేపు పోయాక క్యానిస్టర్‌ను విప్పి తొట్టె నీళ్లలో జాడించాకే మళ్లీ వేయాలి. కరెంటు నిజంగా ఆదా చేయాలంటే కొనేటప్పుడే సరైన సైజు ఎంచుకోండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టెలో పట్టేది 57 లీటర్లకు లోపే. గంటకు అంతకు నాలుగైదు రెట్లు తిప్పే మోటార్ చాలు. దానికి 20 వాట్ల క్యానిస్టర్ పెడితే నెలకు 14 యూనిట్లకు పైన కాలుతుంది. అదే తొట్టెకు ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్ దానిలో నాలుగో వంతు కరెంటుతో గడిచిపోతుంది. నా సలహా అడిగితే చిన్న తొట్టెకు అదే. ఎయిర్ పంప్ రబ్బరు పొర తప్ప పాడయ్యే భాగాలు లేవు, స్పాంజే ఫిల్టర్.

ఫిల్టర్ ఖర్చును తగ్గించేది ఫిల్టర్ బయట కూడా ఒకటుంది. మేత. రెండు నిమిషాల్లో చేపలు తినేసేంత వేస్తే చాలు. మిగిలి అడుగున పడిన ప్రతి గింజా ఫిల్టర్‌కు అదనపు బరువు. గోల్డ్‌ఫిష్ ఎంత తిన్నా ఆకలిగానే కనిపిస్తుంది, దాన్ని చూసి మోసపోకూడదు.

డబ్బు పెట్టక తప్పనిది ఒకటి ఉంది, అమ్మోనియా, నైట్రైట్ కొలిచే చుక్కల కిట్. చేప ముభావంగా ఉన్నప్పుడు మందు కొనేముందు నీళ్లు కొలిస్తే చాలాసార్లు మందు అక్కర్లేదని తెలుస్తుంది. అమ్మోనియా కనిపిస్తే మేత ఆపి, క్లోరిన్ లేని నీళ్లతో మూడో వంతు మార్చండి, మర్నాడు మళ్లీ కొలవండి. నైట్రైట్ కనిపిస్తే నీళ్లు మార్చడంతో పాటు 10 లీటర్లకు ఒక గ్రాము కల్లుప్పు కరిగించి వేయండి. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌ను లోపలికి పోనివ్వదు.

సంక్రాంతికో దసరాకో ఊరెళ్లేముందు చాలామంది తొట్టెనంతా కడిగి, ఫిల్టర్‌ను తళతళా తోమి వెళ్తారు. సరిగ్గా ఆ రోజే ముట్టుకోకూడదు. కడగాలనుకుంటే వారం ముందే కడగండి, తేడా వస్తే చూసుకోవడానికి మీరుంటారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు ఐదారు రోజులు మేత లేకపోయినా ఉంటాయి. పిల్లచేపలుండి పక్కింటివాళ్లకు అప్పగించాల్సి వస్తే మేత డబ్బా చేతికివ్వకండి. రోజుకొక చిటికెడు చొప్పున కాగితం పొట్లాలు కట్టి, మీద తేదీలు రాసి ఇవ్వండి.